తెలిసిన పాట ఎక్కడెక్కడ మారుతుంది?

'నగుమోము గనలేని నా జాలి దెలిసి' అన్న త్యాగరాజ కృతిని ఇవాళ ఏ కచేరీలో విన్నా, ఏ సంగీత పాఠశాలలో నేర్చుకున్నా, ఆభేరి రాగంలో చతుశ్శ్రుతి ధైవతంతోనే, అంటే 'ద' స్వరం ఎత్తైన స్థానంలోనే, వినిపిస్తుంది. ఆ ధైవతం వల్లనే ఈ రాగం హిందుస్తానీ భీంపలాసికి దగ్గరగా తోస్తుంది; శాస్త్రీయ సంగీతంతో పెద్దగా పరిచయం లేనివారికి కూడా ఎక్కడో విన్నట్టు అనిపిస్తుంది. అయితే మరో వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయంలో ఆభేరి అన్న పేరుతో ఉన్న రాగం ఇది కాదు. అది 20వ మేళానికి, అంటే రాగాల వర్గీకరణలో 20వ మూల రాగానికి, చెందినది; అందులో ఉండేది దానికంటే కింది స్థానంలో పలికే శుద్ధ ధైవతం. దీక్షితుల 'వీణాభేరీ' కృతిని ఆ సంప్రదాయం వారు శుద్ధ ధైవతంతోనే పాడతారు. నగుమోములో మనం ఇప్పుడు వింటున్న స్వరక్రమానికి వారి దగ్గర కర్ణాటక దేవగాంధారి అన్న వేరే పేరు ఉంది. కనుక త్యాగరాజస్వామి పాడిన నాటి ధైవతం ఏది అన్న ప్రశ్న సంగీతజ్ఞుల మధ్య చాలాకాలంగా నలుగుతోంది. పాత పాఠంలో, అంటే మొదట పాడిన రూపంలో, శుద్ధ ధైవతమే ఉండేదని, పాడగా పాడగా అది మారిందని పలువురు విద్వాంసుల అభిప్రాయం.

ఒక్క స్వరస్థానం జరిగితే ఏమవుతుందని అనుకోవడానికి వీల్లేదు. పంచమం మీద నిలిచి, శుద్ధ ధైవతాన్ని తాకి వెనక్కి వచ్చినప్పుడు కలిగే దైన్యం వేరు. నిషాదం నుంచి చతుశ్శ్రుతి ధైవతం మీదుగా పంచమానికి దిగినప్పుడు కలిగే ఆర్ద్రత వేరు. 'నా జాలి' అన్న మాట ఒకదానిలో నిస్సహాయంగా, మరొకదానిలో చనువుతో కూడిన వేడుకోలుగా వినిపిస్తుంది. ఇంత తేడా వచ్చినా అది అదే పాట అని అందరూ ఒప్పుకొంటున్నారు, పాడేవారిలో ఎవరికీ తాము దేన్నో మార్చి పాడుతున్నామన్న భావన లేదు. ప్రతివారూ గురువు దగ్గర విన్నదే పాడుతున్నారు. అంటే ఇక్కడ మార్పు ఎవరో ఒకరి నిర్ణయంగా జరగలేదు. తెలిసిన పాటలు మారే తీరును కాస్త దగ్గరగా పరిశీలిస్తే, గాయకుడి ఇష్టాయిష్టాల కంటే, ఆ పాటను ఎంతసేపు, ఏ చోట, ఏ పరికరం ముందు, ఎవరి కోసం పాడుతున్నారన్న పరిస్థితులే ఎక్కువ పని చేస్తున్నాయని తెలుస్తుంది. 'అసలు పాట ఇది కాదు' అని మనం పట్టుబట్టినప్పుడు మన మనసులో ఉన్న అసలు, చాలాసార్లు మనం మొదట విన్న రికార్డే.

త్యాగరాజస్వామి (1767–1847) తన కృతులను స్వయంగా స్వరపరచి రాసి పెట్టినట్టు ఆధారాలు లేవు. తిరువయ్యారులో ఆయన దగ్గర విన్న శిష్యులు వాటిని కంఠస్థం చేసి తమ తమ ఊళ్లకు తీసుకువెళ్లారు. వాలాజాపేట, తిల్లస్థానం, ఉమయాళ్‌పురం అన్న ఊళ్ల పేర్లతో నిలిచిన శిష్యపరంపరలు అలా ఏర్పడ్డాయి. ఒకే కృతిని ఒక్కొక్క పరంపర ఒక్కొక్క తీరుగా పాడుతుంది. దానినే పాఠాంతరం అంటారు. ఆయన శిష్యుడైన మానంబుచావడి వెంకటసుబ్బయ్య దగ్గర నేర్చిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి ద్వారా, ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు ద్వారా ఈ సంగీతం కృష్ణాతీరానికి చేరింది. పంతులుగారి శిష్యులైన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో త్యాగరాజ కృతులు విన్న తెలుగువారికి ఆ పాఠమే కొలమానమైంది. తంజావూరు ప్రాంతపు మరో పరంపరలో నేర్చినవారికి అదే కృతిలోని కొన్ని మలుపులు కొత్తగా తోచడంలో ఆశ్చర్యం లేదు. ఈ రెండిటిలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని తేల్చవలసిన అవసరం ఆ పరంపరల వారికి ఎప్పుడూ రాలేదు.

పాఠాంతరాల తేడా ఎక్కువగా కనిపించేది సంగతుల్లో. పల్లవిలోని ఒక పాదాన్ని మొదట సాదాగా పాడి, తరువాత అదే పాదాన్ని అదే తాళంలో ఒక్కొక్క ఆవృతానికి ఒక్కొక్క మెట్టు పెంచుతూ పాడడమే సంగతి వేయడం. కృతిలో సంగతులను ఒక పద్ధతిగా అల్లినవాడు త్యాగరాజే అని చెబుతారు. అయితే ఇవాళ వినిపించే సంగతుల్లో ఆయనవి ఏవో, శిష్యులు చేర్చినవి ఏవో విడదీయడం సాధ్యం కాదు. ముత్తుస్వామి దీక్షితుల 'వాతాపి గణపతిం' మరింత స్పష్టమైన ఉదాహరణ. దాని పాఠాన్ని స్వరసహితంగా అచ్చు వేసిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' (1904) చూస్తే, ఈనాటి కచేరీల్లో మెట్లు మెట్లుగా పైకి ఎగబాకే ఆ సంగతుల వరుస కనిపించదు. ఆ సంగతులను మహా వైద్యనాథయ్యర్ చేర్చారని సంప్రదాయంలో చెప్పుకొంటారు. ఆ గ్రంథం ఎట్టయపురంలో, తెలుగు లిపిలో అచ్చయింది. గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికే కదలికలకు, ప్రత్యేకంగా గుర్తులు కల్పించి, అంత శ్రద్ధగా రాసిన స్వరలిపి మన సంగీతంలో అంతకు ముందు లేదు. ఆ గ్రంథం చేతిలో ఉండగానే సభల్లో వాతాపి మరోలా స్థిరపడింది. పాడేవారు పుస్తకం వైపు చూడలేదు, తాము విన్న గొప్ప గొంతుల వైపు చూశారు.

మన దేశంలో గ్రామఫోను రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. డిస్కుకు ఒక పక్క పట్టేది మూడు నుంచి నాలుగు నిమిషాల పాట. కచేరీలో ఒక పెద్ద కృతిని రాగాలాపనతో, నెరవుతో (ఒకే పాదాన్ని తిప్పి తిప్పి విస్తరించడం), స్వరకల్పనతో (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) అరగంట పాడే విద్వాంసుడు దానిని ఆ కొద్ది నిమిషాల్లో చెప్పవలసి వచ్చింది. ఆలాపన నాలుగు పలుకులకు కుదించుకుపోయింది. సంగతుల్లో రెండో మూడో మాత్రమే మిగిలాయి. కాలప్రమాణం, అంటే పాడే వేగం, కొంత హెచ్చింది. 1925 ప్రాంతంలో విద్యుత్ మైకుతో రికార్డు చేసే పద్ధతి వచ్చేవరకు గాయకులు ఒక పెద్ద కొమ్ము ముందు నిలబడి గట్టిగా పాడవలసి వచ్చేది. లోగొంతుతో పలికే మెత్తని పలుకులు ఆ యంత్రానికి అందేవి కావు. నగుమోమును ఇంటింటికీ చేర్చింది ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ ఇచ్చిన గ్రామఫోను రికార్డే. ఆ కృతికి ఉన్న ఇప్పటి కీర్తిలో ఆ డిస్కు వాటా చాలా పెద్దది.

రికార్డు వల్ల జరిగిన అసలు మార్పు కుదింపు కాదని నా అభిప్రాయం. కుదించి పాడిన విద్వాంసుడికి పూర్తి పాట తెలుసు, మర్నాడు కచేరీలో ఆయన దానిని విస్తరించి పాడగలడు. కాని గురువు అందుబాటులో లేని ఊళ్లో, డిస్కు పెట్టి పదేపదే విని నేర్చుకున్నవారికి ఆ నాలుగు నిమిషాలే కృతి. వ్యవధి చాలక పెంచిన వేగం వారికి ఆ పాట సహజ వేగంగా తోచింది, చోటు చాలక వదిలిన సంగతి వారి పాఠంలో లేకుండా పోయింది. దీనికి తోడు మరొక చిక్కు ఉంది. ఆ డిస్కులన్నీ నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయని అంటాం గాని, తొలినాటి రికార్డులను వేర్వేరు వేగాలతో కోసేవారు. 75 చుట్ల వేగంతో కోసిన డిస్కును 78 మీద తిప్పితే పాట నూటికి 4 వంతులు త్వరపడుతుంది, శ్రుతి కూడా అర శ్రుతికి (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరానికి) కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. గాయకుడి గొంతు పలచబడి, కొంత కీచుగా వినిపిస్తుంది. ఆనాటి విద్వాంసులు అంత పై శ్రుతిలో, అంత వేగంగా పాడేవారని ఇప్పుడు మనం వేసే అంచనాల్లో కొన్ని, యంత్రం తిరిగిన వేగాన్ని సరిచూసుకోకుండా వేసినవే. 1948లో వచ్చిన ఎల్పీ రికార్డు ఒక పక్కకే 20 నిమిషాల పైచిలుకు వ్యవధి ఇవ్వడంతో ఈ ఇరుకు తీరింది గాని, అప్పటికే స్థిరపడిన కురచ పాఠాలు అలాగే ఉండిపోయాయి.

మైకు చేసిన మార్పు దీనికంటే నిదానమైనది, లోతైనది. మైకు లేని రోజుల్లో పందిట్లో చివరి వరుసకు వినబడాలంటే పై శ్రుతి తప్పనిసరి. మైకు వచ్చాక శ్రుతి తగ్గింది, గొంతు చించుకోవలసిన పని తప్పింది, గమకంలోని సన్నని కదలికలు కూడా సభకు అందసాగాయి. అదే పాట, అదే స్వరాలు, అయినా పాట స్వభావం ప్రకటన నుంచి మాటామంతీకి వచ్చింది.

కచేరీలో కంటే స్పష్టంగా ఈ మార్పులు కనిపించే చోటు తెలుగు రంగస్థలం. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగం'లోని 'చెల్లియొ చెల్లకో' పద్యం నాలుగు పాదాలు. కూర్చుని చదివితే అర నిమిషం చాలు. నాటకంలో కృష్ణపాత్రధారి దానిని హార్మోనియం తోడుగా రాగం తీసి, ఒక్కొక్క పాదం చివర నిలిచి, ప్రేక్షకుల స్పందనను బట్టి పెంచుకుంటూ కొన్ని నిమిషాల పాటు పాడతాడు. 'వన్స్ మోర్' అన్న కేక వినబడితే మళ్లీ అందుకుంటాడు, రెండోసారి మొదటిసారిలా పాడడు. అలా పాడితే అడిగినవారికి తృప్తి ఉండదు. ఈ పద్యానికి స్థిరమైన వరుస లేదనుకోకూడదు. ఎత్తుగడ ఎక్కడ, ఏ మాట మీద నిలవాలి, ఎక్కడ విరవాలి అన్నది పరిషత్తు నాటకాలు చూసే పల్లెటూరి ప్రేక్షకుడికి కూడా కచ్చితంగా తెలుసు. ఆ కట్టడి లోపల ఎంత స్వేచ్ఛ తీసుకోవచ్చో కూడా అతనికి తెలుసు. సినిమాల్లో ఘంటసాల పద్యం పాడిన తీరు దీనికి పూర్తిగా వేరు. రాగం తీసే భాగం బాగా తగ్గింది, పాదాంతాల్లో సాగదీత పోయింది, మాట అర్థం ముందుకు వచ్చింది. ఆ తరువాత ఇళ్లలో పద్యం పాడుకునే తెలుగువారిలో చాలామంది పాడింది ఆయన బాణీలోనే. రంగస్థల బాణీ పరిషత్తుల్లో, తిరునాళ్లలో నిలిచింది. ఒకే పద్యం రెండు వేరు జీవితాలు గడపడం మన కళ్ల ముందే జరిగింది.

'మీరజాలగలడా నా యానతి' పాట కథ ఇంకా ఆసక్తికరమైనది. 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో సత్యభామ వేషానికి పేరుపొందిన స్థానం నరసింహారావు ఈ పాటను తన పాత్ర కోసం తానే రాసుకున్నారు. వ్రతమహిమతో కృష్ణుడు ఇక తన మాట జవదాటలేడన్న ధీమా దాని భావం. పల్లవిలోని ఆ ఒక్క పాదాన్ని ఆయన తిప్పి తిప్పి పాడుతూ, ఒకసారి గర్వం, ఒకసారి ప్రేమ, ఒకసారి అనుమానం, ఒకసారి అధికారం పలికించేవారని ఆయన నటన చూసినవారు ప్రత్యేకంగా చెప్పుకొనేవారు. అక్కడ సంగతి వేయడమంటే రాగంలో మెట్టు ఎక్కడం మాత్రమే కాదు, పాత్ర మనసులో ఒక మెట్టు ఎక్కడం కూడా. ఆయన ఒక చూపు ఎక్కువసేపు నిలిపితే పాట ఆగేది; ప్రేక్షకులు కదిలితే పాట సాగేది. 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం' చిత్రంలో ఇదే పాటను పెండ్యాల నాగేశ్వరరావు సంగీతంలో పి. సుశీల పాడగా, సత్యభామగా జమున అభినయించారు. పాట ముందే రికార్డయి ఉంటుంది గనుక, సినిమాలో ఆ నిడివికి లోబడే నటి అభినయించాలి. రంగస్థలం మీద నటుడి వెనుక నడిచిన పాట, ఇక్కడ నటి ముందు నడిచింది. భావాన్ని మార్చి చూపే పనిని కెమెరా సమీప దృశ్యాలతో తీసుకుంది, కాబట్టి గొంతు అంతగా వేషాలు మార్చనక్కరలేకపోయింది. సుశీల పాటలో అందుకే ఒక నిండైన ఏకత్వం ఉంది. మొదటి నుంచి చివరి వరకు ఒకే ధీమా, ఏ మాటా తడబడకుండా. ఇది రంగస్థల పాఠం కంటే తక్కువదని నేను అనను. ఇవాళ వేదికల మీద ఆ పాట పాడే అమ్మాయిలు దాదాపు అందరూ సుశీల పాఠాన్నే అనుసరిస్తున్నారు. మారడం కోసమే పుట్టిన పాట ఒకటి, ఆ విధంగా, మారకూడని పాటల జాబితాలోకి చేరిపోయింది.

సినిమా పాట విషయంలో క్రమమే తలకిందులు. కీర్తన ముందు గొంతులో పుట్టి తరువాత రికార్డుకు ఎక్కింది. సినిమా పాట రికార్డుగానే పుట్టి తరువాత వేదిక ఎక్కుతుంది. అయినా అక్కడ కూడా ఒకే అసలు ఉంటుందనుకోవడం పొరపాటు. 1950ల నాటి పాటల్లో కొన్నిటికి సినిమాలో వినిపించే పాఠం, డిస్కు మీద దొరికే పాఠం వేరు. డిస్కులో పట్టదని ఒక చరణం తీసేయడం, దృశ్యానికి తగినట్టు వాద్యగోష్ఠిని పెంచడం మామూలే. ఇక వేదిక మీదికి వచ్చేసరికి ఎన్నో చిన్న నిర్ణయాలు అవసరమవుతాయి. స్టూడియోలో 30, 40 మంది వాయించిన వయొలిన్ల గుంపును ఒక కీబోర్డు మోయవలసి వస్తుంది. ఆ రోజు వేణువు వాయించేవారు రాకపోతే ఆ బిట్టు గిటార్‌కు వెళుతుంది. రికార్డులో పల్లవి మళ్లీ మళ్లీ వస్తూ నెమ్మదిగా శబ్దం తగ్గిపోయి ముగిసే పాటలు చాలా ఉన్నాయి. వేదిక మీద అలా ముగించడం కుదరదు, కనుక దానికి ఒక ముక్తాయింపు కల్పించాలి. ఆ ముక్తాయింపు బాగా కుదిరితే, తరువాతి కచేరీల్లో అది పాటలో భాగమైపోతుంది. రికార్డులో ఎన్నడూ లేని ముగింపును శ్రోతలు ఎదురుచూడసాగుతారు.

గాయకుల వయసు కూడా పాటను మారుస్తుంది. వయసు పెరిగే కొద్దీ తారస్థాయి అందుకోవడం కష్టమవుతుంది, ఊపిరి నిలిచే వ్యవధి తగ్గుతుంది. అందుకే 30 ఏళ్ల క్రితం తాము పాడిన పాటను గాయకులు అర శ్రుతో, ఒక శ్రుతో తగ్గించి పాడతారు. శ్రుతి తగ్గితే పాట బరువెక్కుతుంది, వేగం కాస్త నెమ్మదిస్తుంది, ఒక్క ఊపిరిలో పాడిన పాదం రెండుగా విరుగుతుంది. ఈ విరుపు ఎక్కడ పెడతారన్నది గాయకుడి వివేకాన్ని చూపిస్తుంది. మాట మధ్యలో విరిచి స్వరాన్ని కాపాడేవారున్నారు, స్వరాన్ని కొంచెం తగ్గించి మాటను కాపాడేవారున్నారు. తెలుగు తెలిసిన శ్రోతగా నేను రెండోవారి పక్షం. పై షడ్జమం అందకపోయినా పాట నిలుస్తుంది, 'గనలేని' అన్న మాటను మధ్యలో తెంచి 'గన' దగ్గర ఊపిరి తీసుకుంటే చూడలేకపోతున్నానన్న దుఃఖం కాస్తా చూస్తున్నానన్న భావంగా వినబడుతుంది. తెలుగు రాని విద్వాంసులు త్యాగరాజ కృతులను గొప్పగా పాడే చోట కూడా నాకు బాధ కలిగించేది ఈ ఒక్క విషయమే.

టీవీ పోటీల్లో పిల్లలను రికార్డులోని ప్రతి మలుపుతో పోల్చి మార్కులు వేసే పద్ధతి వచ్చాక పరిస్థితి మరోవైపు తిరిగింది. మూల గాయకుడు ఆ రోజు స్టూడియోలో అప్పటికప్పుడు వేసిన ఒక చిన్న గమకం, ఒక నవ్వు, ఒక నిట్టూర్పు కూడా పరీక్షలో అడిగే ప్రశ్న అయింది. ఆ గాయకుడే తన కచేరీలో దానిని వేరేగా పాడుతుండగా, పిల్లవాడు మాత్రం పాత డిస్కుకు కట్టుబడి ఉండాలి.

ప్రత్యక్ష గానం ఎప్పుడూ మార్పునే తెస్తుందని కూడా చెప్పలేం. త్యాగరాజస్వామి స్మృతిలో తిరువయ్యారులో జరిగే ఆరాధనలో ఆయన ఘనరాగ పంచరత్నాలను అందరూ కలిసి పాడే పద్ధతి 1940లలో స్థిరపడింది. 'జగదానందకారక' నుంచి 'ఎందరో మహానుభావులు' వరకు అయిదు కృతులను వందలమంది ఒకేసారి పాడాలంటే, ఎవరి పాఠాంతరం వారు పాడడం కుదరదు. ఒక పరంపరకు మాత్రమే తెలిసిన సంగతి అక్కడ పలకదు. కనుక ఆ సమూహ గానం ఒక సామాన్య పాఠాన్ని తయారుచేసి, దానిని దేశమంతటా, అమెరికాలోని తెలుగు, తమిళ సంఘాల ఆరాధనోత్సవాల దాకా పంచింది. మరో కొసన, శంకరంబాడి సుందరాచారి రాసిన 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' టంగుటూరి సూర్యకుమారి రికార్డుతో జనంలోకి వచ్చి, బడుల్లో ప్రార్థన గీతమైంది. ఆమె గొంతులోని చిన్న చిన్న మలుపులు పిల్లల గుంపు గొంతుల్లో చదునై, అందరూ కలిసి అందుకోగలిగిన గట్టి వరుస మాత్రం మిగిలింది. గుంపు పాడే పాట గుంపుకు తగినట్టు సరళమవుతుంది.

తెలంగాణలో ఈ పరిణామం అధికారిక నిర్ణయంగా కూడా జరిగింది. ఉద్యమ సభల్లో, ఊరేగింపుల్లో, బడుల్లో ఏళ్లపాటు పాడిన అందెశ్రీ గీతం 'జయ జయహే తెలంగాణ'ను రాష్ట్ర గీతంగా స్వీకరించి, ఎం.ఎం. కీరవాణి సంగీతంతో కొత్తగా రికార్డు చేయించి, 2024 జూన్ 2న ఆవిష్కరించారు. సభలకు పనికివచ్చే చిన్న పాఠం సుమారు రెండున్నర నిమిషాలు, పూర్తి పాఠం సుమారు పదమూడున్నర నిమిషాలు. సంగీతం ఎవరు చేయాలన్న దాని మీద అప్పుడు వివాదం వచ్చింది. ఆ వివాదం వెనుక ఉన్న మనోభావాన్ని నేను తేలికగా తీసుకోలేను. డప్పు మీద, గుంపు గొంతులో, ఊపిరి అందక తెగిపోతూ పాడిన పాటకు ఆ తెగిపోవడమే ఒక జ్ఞాపకం. దానిని వాద్యగోష్ఠిలో నున్నగా వింటే, ఆ రోజుల్లో పాడినవారికి తమ పాటను తమ నుంచి తీసుకున్నట్టు అనిపించడం సహజం. అదే సమయంలో, ప్రభుత్వ కార్యక్రమంలో ప్రతిచోటా ఒకే విధంగా పాడవలసిన గీతానికి నిర్ణీతమైన నిడివి, శ్రుతి, వేగం తప్పవు. ఉద్యమ గీతంగా అది చేసే పని వేరు, రాష్ట్ర గీతంగా చేసే పని వేరు.

పాత పాటలను మళ్లీ రికార్డు చేయడం వెనుక కళ కంటే వ్యాపారం, చట్టం ఎక్కువ పాత్ర వహించిన సందర్భాలు చాలా ఉన్నాయి. మన కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం, ఒక పాట మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిసిన తరువాత 5 సంవత్సరాలు గడిస్తేనే ఇతరులు దానికి కవర్ వెర్షన్ (అదే పాటను వేరేవారు మళ్లీ పాడిన రికార్డు) చేయవచ్చు. ఏటా కనీసం 50,000 ప్రతులకు లెక్కకట్టి రాయల్టీ చెల్లించాలి. సాంకేతికంగా అవసరమైన మేరకు తప్ప సాహిత్యంలో, సంగీతంలో మార్పులు చేయరాదు. పాడినవారికి పాట మీద ఉన్న హక్కు ఎంత అన్న ప్రశ్న 2017లో అందరి ముందుకు వచ్చింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలను అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజా తరఫున నోటీసు అందింది. తాను పాడి ప్రాణం పోసిన పాటలను ఆ యాత్రలో బాలు పక్కన పెట్టవలసి వచ్చింది. తరువాత వారిద్దరూ మళ్లీ ఒకే వేదిక మీదికి వచ్చారు. ఆ రెండేళ్ల ఎడబాటు మాత్రం, శ్రోతల మనసులో గాయకుడిదైన పాట చట్టం ముందు గాయకుడిది కాదని స్పష్టం చేసింది.

మళ్లీ రికార్డు చేసిన పాత పాటలు చాలావాటిలో ఏదో లోపించినట్టు అనిపించడానికి కారణం జ్ఞాపకాల మీద మమకారం మాత్రమే కాదు, దానికి వినదగిన కారణాలు ఉన్నాయి. 1950, 60లలో గాయకులు, వాద్యకారులు ఒకే గదిలో ఒకేసారి పాడి వాయించేవారు. గాయని ఒక మాట మీద క్షణం నిలిస్తే తబలా కూడా ఆ క్షణం ఆగేది. ఇప్పుడు వాద్యాలను ముందే విడివిడిగా నింపి, క్లిక్ ట్రాక్ అన్న ఒకే కొలతకు కట్టి, గాయకుణ్ణి ఒంటరిగా హెడ్‌ఫోన్లతో పాడిస్తారు. నిలవాలనిపించినా నిలవడానికి చోటు లేదు. ఆపైన శ్రుతిని సరిదిద్దే సాఫ్ట్‌వేర్ ఉంది. అది ప్రతి స్వరాన్నీ ఒక స్థిరమైన మెట్టుకు లాగుతుంది, మెట్టుకు మెట్టుకు మధ్య ఊగే గమకాన్ని జాగ్రత్తగా విడిచిపెట్టకపోతే దానిని కూడా తప్పుగా లెక్కించి చదును చేస్తుంది. తోడి రాగంలో గాంధార స్వరం ఊగకపోతే అది తోడి కాదు. ఈ విధంగా జరిగే మార్పును నేను పాఠాంతరంతో సమానంగా చూడలేను. పాఠాంతరం పాడేవారి చెవి నుంచి, ఆలోచన నుంచి వచ్చింది. ఇది ఎవరూ వినకుండానే జరిగిపోతుంది.

దీనికి భిన్నంగా, మళ్లీ పాడడం వల్లనే బతికిన పాటలు ఉన్నాయి. భద్రాచల రామదాసు కీర్తనలు శతాబ్దాల పాటు భజన గోష్ఠుల్లో, ముందు ఒకరు పాడితే వెనుక అందరూ అందుకొనే తీరులో సాగాయి. బాలమురళీకృష్ణ వాటిని ఆకాశవాణిలో, రికార్డుల్లో, కచేరీల్లో పాడి ఒక్కొక్క కీర్తనకు నిండైన రాగరూపం ఇచ్చారు. 'ఏ తీరుగ నను దయ జూచెదవో' 1980లో 'శంకరాభరణం' చిత్రంలో కె.వి. మహదేవన్ సంగీతంలో వాణీ జయరాం గొంతున వినిపించాక, భజన సంగతి తెలియని ఇళ్లలో కూడా నిలిచింది. మూడు రూపాల్లోనూ నాదనామక్రియ రాగపు దీనత్వం చెక్కుచెదరలేదు, మాటలు ఎక్కడా తెగలేదు. నిడివి, వాద్యాలు, వేగం, పాడే సందర్భం అన్నీ మారాయి.

అన్నమయ్య విషయంలో ఈ చర్చ అంతా కొత్త రూపు దాలుస్తుంది. తిరుమల గుడిలో దొరికిన రాగిరేకుల మీద పాటల సాహిత్యం, పైన రాగం పేరు ఉన్నాయి, స్వరాలు లేవు. ఆయన పాడిన వరుస ఒక్కటి కూడా మనకు అందలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలుకొని నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు 20వ శతాబ్దంలో వాటికి వరుసలు కట్టారు. రేకు మీద ఉన్న రాగం ఒకటి, ఇవాళ పాడుతున్న రాగం మరొకటి అయిన పాటలు ఎన్నో ఉన్నాయి. ఒకే పాటకు రెండు మూడు వరుసలు పక్కపక్కనే నడుస్తున్నవి కూడా ఉన్నాయి. నేదునూరి వారు రేవతి రాగంలో కట్టిన 'నానాటి బతుకు నాటకము' ఎంతగా స్థిరపడిందంటే, ఆ పాటను రేవతి నుంచి విడదీసి ఊహించడం ఈ తరం శ్రోతకు కష్టం. 1997లో 'అన్నమయ్య' చిత్రం వచ్చాక మరికొన్ని పాటలకు సినిమా వరుసే అసలుగా చెలామణి అయింది, అంతకు ముందు నుంచి దేవస్థానం వేదికల మీద పాడుతున్న వరుసను కొత్తవారు మార్పుగా భావించసాగారు. 15వ శతాబ్దపు కవి పాటకు నూరేళ్లయినా నిండని వరుసల మధ్య ఏది మూలమని వాదించుకోవడం వల్ల తేలేది లేదు. పల్లవిలో చెప్పిన మాట చరణం చివర తిరిగి వచ్చినప్పుడు దాని అర్థం పెరిగేలా వరుస సాగుతోందా, రాగం ఆ భావాన్ని మోస్తోందా, పదాల విరుపు తెలుగు విన్నవాడికి తెలుగులాగే వినిపిస్తోందా అన్నవి మాత్రం ఏ కచేరీలోనైనా, ఏ రికార్డులోనైనా శ్రద్ధగా వింటే తేల్చుకోగలిగిన విషయాలు.